గ్రాము చెత్తను తనూజ గెలిచిన విధంబు

వినండి. ఆస్పత్రి మంచాల మీద పడుకున్నవాళ్లూ, ఆ మంచాల పక్కన కూర్చుని బత్తాయిలు ఒలిచేవాళ్లూ, అందరూ వినండి. వైశాఖ బహుళ పక్షంలో, ప్రచండ మార్తాండ కిరణ సహస్ర సంతప్తమై, పలకరాతి గనుల నల్లధూళితో ధూసరితమై, వానచుక్క మొహం చూసి ఏడు నెలలైన పశ్చిమ ప్రకాశ ధరామండలంలో, మార్కాపురం నుంచి దొనకొండ పోయే దారికి ఎడమ పక్కన, కంపచెట్ల కీకారణ్య మధ్యభాగాన, ముప్ఫై మీటర్ల పొగగొట్టాన్ని జయస్తంభంగా నిలబెట్టుకున్న మహా దహనశాల ఒకటి ఉంది. చుట్టుపక్కల ఆస్పత్రుల రక్తసిక్త వస్త్రఖండాలూ, దూదీ, కట్లూ, కాలం చెల్లిన మందులూ పసుపు సంచుల్లో మూటలై వచ్చి అక్కడ భస్మమవుతాయి. ఆ దహనశాలలో జరిగిన ఘోర సంగ్రామాన్ని చెబుతాను. ఇందులో ఏనుగులు లేవు, గుర్రాలు లేవు. ఒక గ్రాము చెత్త ఉంది, ఒక టేబుల్ ఫ్యాను ఉంది. ఈ మాత్రానికి గొంతు చించుకోవాలా అంటే, చించుకోవాలి. అక్కడి పెద్దమనుషులు అంతకంటే పెద్ద యుద్ధం చేయగలవాళ్లు కారు.

ఆ దహనశాలకు అధిపతి, మేనేజర్ ప్రభాకరరావు. నిశిత సంతకాస్త్ర కోవిదుడు, ఫైలు వ్యూహ విశారదుడు, శీతల పవన లంపటుడు. పద్నాలుగేళ్ల ఉద్యోగంలో బట్టీ దగ్గరికి మూడుసార్లు వెళ్లాడు, మూడుసార్లూ ఫొటో కోసమే. మిగతా కాలమంతా ఆఫీసు గదిలో కూర్చుని, మధ్యాహ్నం మూడు కాగానే ఒక కొబ్బరి బొండాం తాగి, బల్ల మీది ఫ్యాను గాలికి కళ్లు అరమోడ్చి రాజ్యపాలన చేశాడు. ఆయన ఏలుబడిలో ఎవరికీ ఏ కష్టమూ లేదు. ఉందా అని ఆయన ఎవరినీ అడగలేదు.

ఆ గదిలోనే ఒక మూల, నడుమెత్తు చెక్క అడ్డం వెనక, ప్రయోగశాల అనే బిరుదు మోస్తూ ఒక బల్ల ఉంది. ఆ బల్లకు ఏలిక తనూజ. మార్కాపురంలో పలకలకు చెక్క చట్రాలు బిగించే ఇంటి పిల్ల. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసింది, వయసు ఇరవై ఆరు. చెత్తలో ఎంత మంట దాగి ఉందో చెప్పడం ఆమె పని. అంటే కిలో చెత్త కాలితే ఎంత వేడి పుడుతుందో కొలిచి, ఇన్ని కిలోకేలరీలు అని రాసి ఇవ్వాలి. చెత్త తనంతట తాను మండితే డీజిల్ తక్కువ పడుతుంది, మండకపోతే ఎక్కువ పడుతుంది. పెళ్లి వంటవాడికి పొయ్యి ముందు కూర్చోగానే తెలిసిపోయే ఈ సంగతికి ప్రభాకరరావు రాజ్యంలో ఒక ధ్రువపత్రం కావలసి వచ్చింది.

తనూజ మార్చి నెలలో కొలిచింది. కిలోకు నాలుగు వేల రెండు వందలు వచ్చింది. ఎండు కట్టెతో సమానం. ప్రభాకరరావు దాని కింద సంతకం పెట్టి, అద్దం కట్టించి, గోడకు తగిలించి, అగరొత్తి ఒక్కటి తక్కువగా దాన్ని కొలిచాడు.

ఆ అంకెకు మే నెలలో ఒక మనిషి బలి కావలసి వచ్చింది. ఆ మనిషి నాగులు. అర్ధవీడు వైపు వాడు, గొర్రెలకు మేత లేక మందనమ్ముకుని పనికొచ్చి, ఏడేళ్లుగా బట్టీ మండిస్తున్నాడు. ఒక సోమవారం ఉదయం అతన్ని ఆఫీసు గదిలో నిలబెట్టి, గళగర్జిత కంపిత కిటికీకవాటుడై ప్రభాకరరావు ఇలా పలికాడు.

"నాగులూ, కట్టెలాంటి చెత్త ఇస్తున్నాను నీకు. వంద కిలోలకు పన్నెండు లీటర్ల డీజిల్ చాలని శాస్త్రం చెబుతోంది. నువ్వు ముప్ఫై పోశానని రాస్తున్నావు. మిగిలిన పద్దెనిమిది లీటర్లూ ఆవిరైపోయాయా, అర్ధవీడు పోయాయా? బుధవారం సాయంత్రం నాలుగింటికి పోలీస్ స్టేషన్‌లో కాగితం ఇస్తాను. ఈలోపు ఒప్పుకుంటే ఉద్యోగంతో పోతుంది."

"నేను అమ్ముకోలేదు సార్," అన్నాడు నాగులు. "బట్టీ తాగుతాంది. నేనేం చేసేది."

"గోడ మీది అంకె అబద్ధం చెబుతుందా?"

నాగులు గోడ వైపు చూశాడు. ఆ తరువాత చెక్క అడ్డం వెనక ఉన్న తనూజ వైపు చూశాడు. "నువ్వే కొలిచినావంట గదమ్మా," అన్నాడు. బయటికి పోయాడు. తిట్టి ఉంటే ఆమెకు కాస్త బాగుండేది.

ఆ పూటే తనూజ బట్టీ దగ్గరికి నడిచింది. లెక్కలు రాసేవాళ్లు మంట చూడబోవడం ఆ రాజ్యంలో ఆచారం కాదు కనుక, వ్యాన్ నుంచి సంచులు దించుతున్న శ్రీశైలమ్మ చేతిలో పని ఆపి మరీ చూసింది. ఊరూరూ తిరిగి ఆస్పత్రుల చెత్త ఎక్కించుకొచ్చేది ఆమే.

అప్పుడు చూడాలి ఆ రణరంగాన్ని. అరుణారుణ జ్వాలాజిహ్వా భీకరమై, గర్భకుహరంలో ఎనిమిది వందల అరవై డిగ్రీల ఆగ్రహాన్ని అణచుకుని బట్టీ గుర్రుమంటోంది. నాగులు తలుపెత్తి ఒక పసుపు సంచిని లోపలికి నెట్టాడు. భగ్గుమనాలి. అనలేదు. చుయ్యిమంది. తలుపు పక్కన మెరిసే ఎర్రటి అంకెలు ఎనిమిది వందల యాభై ఎనిమిది, యాభై ఐదు, యాభై రెండు అంటూ, వెన్నిచ్చి పారిపోయే సేనల్లా కిందికి దిగజారాయి. ఎనిమిది వందల యాభైకి తగ్గితే పైవాళ్ల కంప్యూటర్‌కు తెలిసిపోతుంది, తెలిస్తే ముందు తెగేది నాగులు జీతమే. అతను పరుగెత్తి డీజిల్ మంట పెంచాడు.

"ఏందన్నా ఆ చప్పుడు?" అంది తనూజ.

"బొండాలమ్మా. సంచికి నాలుగో ఐదో ఉంటాయి." నాగులు మొహం తుడుచుకున్నాడు. "నీళ్లు కాలుస్తన్నాం మనం. నీళ్లు కాలాలంటే డీజిల్ పొయ్యాల గదా."

"ఆస్పత్రి చెత్తలో బొండాలేంది?"

శ్రీశైలమ్మ సంచి దించి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "చూడబోయినోళ్లు ఉత్త చేతుల్తో పోతారా పాపా? మనిషికో బొండాం కొట్టించుకుని పోతారు. తాగినాక యాడేస్తారు? ఊరి చెత్త ట్రాక్టర్ వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. మన వ్యాన్ దినామూ పోతాది. వచ్చే బండికి ఏస్తారు. సంచి రంగు ఎవురు చూస్తారు."

విన్నారా. నాలుగు రంగుల సంచులు, నలభై పేజీల నియమావళి, గోడగోడకూ బొమ్మలు. అన్నీ కలిసి ఏ బండి వేళకు వస్తుందన్న ఒక్క ప్రశ్న ముందు చిత్తుగా ఓడిపోయాయి. ఆ నియమావళి రాసిన మహానుభావులు ఒక్కరోజైనా ఆస్పత్రి వరండాలో బొండాం తాగి ఉంటే ఆ సంగతి వాళ్లకూ తెలిసేది.

తనూజకు మాత్రం మార్చిలో తాను వెలగబెట్టిన ఘనకార్యం గుర్తుకొచ్చింది. నమూనా సంచులు విప్పగానే, బియ్యంలో రాళ్లు ఏరినట్టు, బొండాలన్నీ ఏరి పక్కన పారేసింది. ఇవి ఆస్పత్రి చెత్త కాదు కదా అనుకుంది. నమూనాలు ఎండబెట్టే ఓవెన్ చెడిపోయి ఎనిమిది నెలలైంది కనుక, మిగిలిన చెత్తను పలకరాతి బండల మీద పరిచి రెండు రోజులు ఎండకు వదిలేసింది. మార్కాపురంలో వడియం పెట్టినా, మిరపకాయలు పోసినా నల్ల బండ మీదే. ఎండాక డబ్బా నిండిందా లేదా అని చూసుకుంటారు తప్ప, పచ్చిగా ఉన్నప్పుడు బరువెంత అని అక్కడ ఏ తల్లీ తూచి చూడదు. తనూజా తూచలేదు. ఎండబెట్టక ముందొకసారి, ఎండాక ఒకసారి తూయాలన్న ముక్కను పరీక్షలో రాసి ఐదుకు ఐదు మార్కులు తెచ్చుకున్న ఆ విదుషీమణి, బండ కనబడగానే వాళ్లమ్మ కూతురైపోయింది. నాగులు బట్టీలో వేసేది తడి చెత్త. ఆమె కొలిచింది వడియం.

"అన్నా, తప్పు నాది," అంది తనూజ. "మళ్లీ కొలుస్తా. బుధవారం లోపల."

నాగులు వెంటనే నమ్మలేదు, పాపం, అతన్ని అంకెలు అప్పటికే ఒకసారి ముంచాయి. "మా ఇంటామెకు ఎవురో ఫోన్ చేసి చెప్పినారంట, నీ మొగుడు డీజిల్ దొంగని," అన్నాడు. "అప్పటి నుంచి ఫోన్ ఎత్తట్లేదు. కొలువమ్మా. బిర్రుగా కొలువు."

అంతట ఆ వీరాంగన రబ్బరు తొడుగుల కవచధారిణియై, ముక్కుకు మాస్కు బిగించి, నాగులు లోపలికి నెట్టబోయే సంచులను ఒక్కొక్కటే ఆపి, ఏది చేతికొస్తే అది తీసింది. ఏరలేదు, దులపలేదు. ఐదు సంచుల నుంచి రెండేసి కిలోలు. తడి కట్టు వచ్చింది, మందు పెట్టె వచ్చింది, బొండాలు సరేసరి. సంచులు తూచే కాటా మీద పెడితే సరిగ్గా పది కిలోలు తూగింది. ఆ తూకాన్ని కాగితం మీద వేసి శ్రీశైలమ్మ చేత వేలిముద్ర వేయించింది. "నాకెందుకు పాపా ఇవన్నీ," అంటూనే ఆమె రెండు వేళ్లు ముద్రించింది, ఒకటి చాలకపోతే ఇంకొకటి ఉంటుందని.

కత్తితో బొండాలను బద్దలు కొట్టి, అంతటినీ ఇనుప జల్లెడ మూత కింద నల్ల బండల మీద పరిచింది. మూడు వైపులా రాళ్లు, నాలుగో వైపు తనే కాపలా. సూర్యభగవానుడు సోమవారం, మంగళవారం తన సర్వశక్తులూ ధారపోశాడు. పశ్చిమ ప్రకాశంలో ఆయనకు ఆ ఒక్క పనిలో లోటు చేసే అలవాటు లేదు. బుధవారం మధ్యాహ్నం ఎండిన చెత్తను మళ్లీ అదే కాటా మీద పెట్టింది. మూడు కిలోల ఎనిమిది వందల గ్రాములు. ఆరు కిలోల రెండు వందల గ్రాముల నీళ్లు ఎండ తాగేసింది.

ఇక మిగిలింది గ్రాము యుద్ధం. ఎండినదాన్ని నలిపి రాశి పోసి, నాలుగు పాళ్లు చేసి, ఎదురెదురు పాళ్లు పారేసి, మిగిలింది కలిపి మళ్లీ రాశి పోసి, అలా సైన్యాన్ని సగం సగం తెగ్గోసి, చివరి పిడికెడును పాత మిక్సీలో పొడి చేసింది. అందులోంచి ఒక్క గ్రాము తూచి బిళ్లగా నొక్కి, ఉక్కు గుండులో పెట్టి, నిండా ఆక్సిజన్ ఎక్కించి, నీళ్ల తొట్టిలో ముంచి, లోపల నిప్పు ముట్టించాలి. బిళ్ల కాలి నీళ్లు ఎంత వేడెక్కితే చెత్తలో అంత మంట ఉన్నట్టు.

గడియారం మూడు చూపిస్తోంది. చెక్క అడ్డానికి అవతల ప్రభాకరరావు బొండాం తాగి ముగించి, వాలుతున్న కనురెప్పలతో ఫ్యాను మూడో నంబర్ మీద పెట్టుకున్నాడు. బల్ల మీద, పోలీసులకు ఇవ్వాల్సిన కాగితం ఆ గాలికి ఎగరకుండా పేపర్‌వెయిట్ కింద ఉంది. తనూజ తూకపు పళ్లెంలో పొడి పోసింది. అడ్డం మీదుగా వచ్చిన గాలి ఆ పొడిని లేపి ఆమె కళ్లలో కొట్టింది. మళ్లీ పోసింది. తూకం అంకెలు తిక్కపట్టినట్టు అటూ ఇటూ ఊగాయి.

అప్పుడామె హృదయంలో ఒక మహావాక్యం ఉప్పొంగింది. "ఓయీ చతుష్పత్ర చక్రధారీ, ఓయీ స్వేదభీరూ, నీ చొక్కా తడవకుండేందుకు ఒక పేదవాడి పరువు గాలికి పోవలసినదేనా? దింపుము నీ ఆయుధము. లేదా ఆ మీటను నేనే త్రెళ్ల నొక్కెదను గాక." ఇంత పొంగిన హృదయం నోటి దాకా వచ్చేసరికి మాత్రం, "సార్, ఫ్యాను కాసేపు ఆపుతారా," అంది.

"నలభై నాలుగు డిగ్రీలమ్మా," అన్నాడు ప్రభాకరరావు కళ్లు తెరవకుండా.

"తూకం నిలవడం లేదు సార్."

"నాలుగింటికి నేను బయల్దేరాక ఆపుకో."

ఆ మాట విని తనూజ అడ్డం దాటి వచ్చింది. నడిచిన దూరం నాలుగడుగులు. వంగి, గోడ దగ్గరి స్విచ్చి ఆపింది. రెక్కలు మూడు చుట్లు తిరిగి, ఇంకో అర చుట్టు తిరిగి ఆగిపోయాయి. ప్రభాకరరావు కళ్లు తెరిచాడు. పద్నాలుగేళ్లలో ఆయనకు తెలియకుండా ఆ గదిలో ఏదైనా ఆగడం అదే మొదటిసారి. రుమాలు కోసం జేబు తడుముకున్నాడు.

తూకం నిలిచింది. ఒక గ్రాము. బిళ్ల నొక్కి, గుండు బిగించి, తొట్టిలో దించి, మీట నొక్కింది. ఏమీ కాలేదు. లోపలి తీగ నుంచి నూలుపోగు జారిపోయి ఉంటుంది. గుండు విప్పి, చెమట బిళ్ల మీద పడకుండా మొహం పక్కకు తిప్పుకుని, పోగు మళ్లీ ముడివేసింది. అవతల ప్రభాకరరావు చొక్కా వీపున మార్కాపురం తాలూకా పటమంత తడి పరుచుకుంటోంది. గుమ్మంలో నాగులు, అతని వెనక శ్రీశైలమ్మ వచ్చి నిలబడ్డారు.

రెండోసారి మీట నొక్కింది. ఉక్కు గర్భంలో, ఎవరి కంటికీ కనబడకుండా, ఎవరి చెవికీ వినబడకుండా మహాప్రళయం సంభవించింది. దాని ఫలితంగా రెండు లీటర్ల నీళ్లు ఒకటి పాయింట్ ఏడు ఒక డిగ్రీ వేడెక్కాయి. స్నానానికి పనికిరాదు, వేలు పెడితే తెలియదు. ఆ మాత్రం వెచ్చదనం మీద ఒక మనిషి జాతకం వేలాడుతోంది. తనూజ లెక్క కట్టింది. కిలోకు నాలుగు వేల నూట నాలుగు.

ప్రభాకరరావు అడ్డం మీదుగా తొంగి చూసి, చదివి, మే నెలలో కూడా వికసించాడు. "మార్చిలో నాలుగు వేల రెండు వందలు, ఇప్పుడు నాలుగు వేల వంద. ఒకటే గదా. దీనికోసమా నన్ను ఉడకబెట్టావు?" పేపర్‌వెయిట్ ఎత్తి కాగితం చేతిలోకి తీసుకున్నాడు. గుమ్మంలో నాగులు తల దించేశాడు.

"అది ఎండిన చెత్త సార్," అంది తనూజ. "నాగులన్నకు మీరు ఎండిన చెత్త ఇవ్వడం లేదు." వేలిముద్రల తూకం కాగితం ఆయన ముందు పెట్టింది. "పది కిలోలు ఎండితే మూడు కిలోల ఎనిమిది వందల గ్రాములు మిగిలింది. మిగతావన్నీ నీళ్లే. ఆ నీళ్లు ఆవిరవడానికి పట్టే వేడి కూడా తీసేస్తే, బట్టీలో పడే చెత్తకు కిలోకు పన్నెండు వందలే. నాలుగు వేల రెండు వందలకు పన్నెండు లీటర్లు చాలితే, పన్నెండు వందలకు ముప్ఫై పట్టదా సార్?"

"నీళ్లు నువ్వే పోసి తూచలేదని ఏంటి నమ్మకం?" అన్నాడు ప్రభాకరరావు. ఓడిపోతున్న వీరులందరికీ ఆఖరున ఇలాంటి ఆలోచన ఒకటి వస్తుంది.

తనూజ ఆయన బల్ల కింద చూసింది. అక్కడ ఒక పసుపు డబ్బా ఉంది. ఆఫీసులో ఉన్న డబ్బా అదొక్కటే, ఎందుకంటే వారానికోసారైనా ఖాళీ అయ్యే డబ్బా అదొక్కటే. డబ్బాలోంచి, పరీక్షకు పోను మిగిలిన కట్ల మీద, తాజాగా కొట్టిన ఒక బొండాం, నోట్లో ఇంకా స్ట్రాతో, పైకి చూస్తోంది.

"నాగులన్నా, అది తీసుకుపోయి కాటా మీద పెట్టు," అంది.

నాగులు ఎత్తాడు. అడుగున నిన్నటిది, మొన్నటిది కూడా బయటపడ్డాయి. కాటా దాకా పోవలసిన పని లేకపోయింది. ప్రభాకరరావు డబ్బా వంక చూశాడు, తరువాత గోడ మీది అద్దం వంక చూశాడు. అద్దంలో అంకె కింద ఆయన సంతకం ఉంది.

"అయితే ఇప్పుడు నా సంతకం తప్పంటావా," అన్నాడు, గొంతు తగ్గించి.

"కొలిచింది నేను సార్. తప్పు నాదని రాసిస్తా."

ఆ మాటతో ఆయనకు ప్రాణం లేచొచ్చింది. తెల్ల కాగితం, పెన్ను తానే అందించాడు. నిలబెట్టి నాలుగు వాక్యాలు రాయించుకున్నాడు, ఆమె ఈ ఏటి ఇంక్రిమెంట్ ఆపుతూ అక్కడికక్కడే మెమో కూడా ఇచ్చాడు. పోలీసుల కాగితాన్ని రెండుగా చించి, అలవాటు చొప్పున పసుపు డబ్బాలోనే వేశాడు. నాగులుకు క్షమాపణ చెప్పాడా అని అడగకండి. "పో, పోయి పని చూసుకో," అన్నాడు. ఏడేళ్లకు అది ఆయన నోటి నుంచి వెలువడిన మర్యాద. నాగులు అటు పోగానే ఫ్యాను వేసుకున్నాడు. ఆ ఫ్యాను ఆగి ఉన్నది మొత్తం నలభై ఒక్క నిమిషాలు.

తనూజ బయట బండల దగ్గర జల్లెడ కడుగుతుంటే నాగులు వచ్చి నిలబడ్డాడు. "అమ్మా, ఆ పన్నెండు వందలు దేంట్లోనన్నా రాసియ్యి," అన్నాడు.

"నీకెందుకన్నా అది? ఉత్త అంకె."

"నన్ను దొంగను చేసింది అంకే గదమ్మా. మా ఇంటామెకు చూపియ్యాల."

కాగితం ఆఫీసులో ఉంది. ఆమె మళ్లీ ఆ గదిలోకి పోలేదు. విరిగిన పలక ముక్క ఒకటి ఏరి, రాతి మొనతో పెద్దగా గీసింది, 1200 అని. నాగులు దాన్ని చొక్కా లోపల పెట్టుకుని, గుండీ పెట్టుకుని, పైనుంచి ఒకసారి తడిమి చూసుకున్నాడు. ఆ చేత్తోనే కళ్లు తుడుచుకుని, బట్టీలో మంట పడిపోతోందని పరుగెత్తాడు.

ఇది తనూజ విజయగాథ. ఇందులో రాజ్యాలు చేతులు మారలేదు. ఒక నింద ఒక మనిషి మెడ నుంచి ఇంకో మనిషి మెడకు మారింది, రెండు లీటర్ల నీళ్లు గోరువెచ్చన కూడా కాలేదు. ఈ కథ విన్నందువల్ల ఎవరికీ పుణ్యం రాదని ముందే చెప్పేస్తున్నాను. రావడానికి నేను చెప్పింది పురాణం కాదు, చెత్త సంగతి. అయినా ఆ రాత్రి పడుకోబోయే ముందు అర్ధవీడులో ఒకావిడ ఫోన్ ఎత్తింది. మర్నాడు మధ్యాహ్నం మూడింటికి ప్రభాకరరావు బొండాం తాగి, చుట్టూ చూసి, పసుపు డబ్బాలో వేశాడు.